నన్ను మోసుకొచ్చిన తమ్ముడికి

సైనిక ఆసుపత్రి,
కొయ్యకాళ్లు బిగించే వార్డు, కిటికీ పక్క మంచం.

నన్ను మోసుకొచ్చిన తమ్ముడికి,

నేను నీకు గుర్తుండకపోవచ్చు. కొండ కింద గుడారం దగ్గర నన్ను దింపుతూ డాక్టరుతో, "ఈయన మాట్లాడుతూనే ఉంటాడండీ, ఆగాడంటే అనుమానించండి" అన్నావు. ఆ మాట్లాడేవాణ్ణి నేనే. ఇంకా ఆగలేదు.

నీ చిరునామా కోసం ఇక్కడి పెద్ద నర్సమ్మని నెలల తరబడి సతాయించాను. నా పోరు పడలేక ఆవిడే మీ దళం వాళ్లని అడిగి తెప్పించింది.

ఎడం కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. చిన్నప్పుడు మా అమ్మ "ఒక్కచోట కాలు నిలవదు గదరా నీకు" అని తిట్టేది. ఆవిడ మాట సగం ఫలించింది. నేను దర్జీని. సైన్యంలోకి రాకముందు ఒక సందులో చిన్న కొట్టు ఉండేది. మిషను తొక్కేది కుడికాలుతోనే కాబట్టి అన్నం పెట్టే కాలు మిగిలిందని నర్సులు ఓదారుస్తున్నారు. రెండు పాదాలూ ఆన్చి తొక్కుతామని వాళ్లకేం తెలుసు. పోనీలే, మోటారు బిగించుకుంటాను.

ఇంతకీ నీ మొహం నాకు తలకిందులుగా తెలుసు. దిగుడు కదా, స్ట్రెచర్ ఒరగకూడదని నీ జోడీ పొడుగాయన ముందు పట్టుకున్నాడు, నువ్వు నా తల వైపు పట్టుకున్నావు. నేను పైకి చూస్తే నీ గడ్డం పైనా, కళ్లు కిందా. రేపు వీధిలో నువ్వు ఎదురైతే గుర్తుపట్టడానికి నేను తలమీద నిలబడాలి. వర్షం పడుతోంది. నా మొహం మీద పడకుండా నువ్వు ముందుకు వంగి నడిచావు. అది చూశాను. తర్వాత పెద్ద చప్పుడు. మళ్లీ కళ్లు తెరిచేసరికి నీ వీపు మీద ఉన్నాను.

నువ్వు మోయబట్టి ఇవాళ పొద్దున్నే ఈ కిటికీలోంచి ఎండ చూశాను. మాటల పోగునైన నాకే ఈ ఒక్కచోట మాట దొరకట్లేదు.

పొడుగాయనకి కూడా నా నమస్కారం చెప్పు. ఆయన చిరునామా పంపితే విడిగా రాసుకుంటాను.

నీ మోత,
దర్జీ అన్న


కూరగాయల మార్కెట్ వెనక వీధి.

దర్జీ గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మీరు బాగున్నందుకు సంతోషం. మేం చేసింది మా పని. అందుకు ఇంత పెద్ద మాటలు అక్కర్లేదు.

నేను హమాలీని. ఇదే మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు మోసేవాణ్ణి. అది చూసే నన్ను అక్కడ మోతకి పెట్టారు. ఎక్కేటప్పుడు నీళ్ల డబ్బాలు, తూటాల పెట్టెలు. దిగేటప్పుడు మనుషులు. ఒళ్లు ఖాళీగా నడిచింది లేదు.

ఇప్పుడు మోత మానేశాను. నడుం పట్టేస్తోంది. కాటా దగ్గర కూర్చుని తూకం కేకేసే పని ఇచ్చారు. నీడలో పని. బాగానే ఉంది.

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. మీ ఆరోగ్యం జాగ్రత్త. మళ్లీ శ్రమపడి రాయనక్కర్లేదు.

ఇట్లు,
హమాలీ

మీరు దారంతా మాట్లాడింది నాకు గుర్తుంది. నా యూనిఫారం కాలరు వంకరగా కుట్టారని, కుట్టినవాడి చేతులు విరగ్గొట్టాలని అన్నారు.


ఆసుపత్రి, అదే కిటికీ.

తమ్ముడూ,

వంకర కాలరు గుర్తుందంటే నేనూ గుర్తున్నట్టే. ప్రాణం లేచొచ్చింది. "మళ్లీ రాయనక్కర్లేదు" అన్న వాక్యం మాత్రం నాకు కనబడలేదు. ఆ చోట సిరా పలచబడినట్టుంది.

నాకు కాలు బిగించారు. కాలంటే కాలు కాదు, మా కొట్టులో బట్టలు తగిలించే చెక్కబొమ్మ ఉండేదిలే, దాని చుట్టంలా ఉంది. రెండు కమ్మీల మధ్య నడిపిస్తారు. మొదటిరోజు అటు చివరికి చేరి, గెలిచాననుకుని చేతులు వదిలేసి ధబ్బుమని కూలబడ్డాను. నడిపించే ఆవిడ గట్టి మనిషి. "లేవండి దర్జీ గారూ, నేలకి కొలతలు తీసింది చాలు" అంది.

ఆసుపత్రిలో చిరిగిన దుప్పట్లూ రోగుల చొక్కాలూ నాకే ఇస్తున్నారు. మంచం మీద కూర్చుని చేత్తో కుడుతున్నాను. సూది పట్టుకున్నంతసేపూ నేను రోగిని కాను.

పక్క మంచం వైర్‌లెస్ ఆయన కూడా ఆ కొండ మీంచే వచ్చాడట. ఆయన్ని మోసినవాళ్లలో ఒకడు బాగా పొడుగట. మన పొడుగాయనే అయ్యుంటాడు. నువ్వు ఆయన ఊసే ఎత్తలేదేం? నీళ్లు నమలకుండా చిరునామా పంపు.

మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారో కూడా రాయి. నీ వీపు నాకు బాగా తెలుసు, ఇల్లే తెలీదు.

మీ అన్న


కూరగాయల మార్కెట్ వెనక వీధి.

అన్నయ్య గారికి,

నేను మీ హమాలీ భార్యని. ఆయన మిమ్మల్ని అన్న అంటే వరసకి మీరు నాకు బావగారవ్వాలి. కానీ నాకు ఇప్పుడు కావలసింది అన్నయ్య. అందుకని వరస మార్చుకున్నాను, ఏమీ అనుకోకండి.

ఇది ఆయనకి చెప్పకుండా రాస్తున్నాను. మీ రెండో ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చుంటారు, కాగితం మడిచి లేచిపోతారు. రెండు ఉత్తరాలూ చొక్కా జేబులోనే ఉంటాయి. చొక్కా ఉతకాలంటే ముందు నేను వాటిని అడుక్కోవాలి.

మాకు పాప పుట్టింది. ఆయన సైన్యంలో ఉండగానే పుట్టింది. బొద్దుగా ఉంటుంది, గొంతు మార్కెట్ మొత్తానికి వినబడుతుంది. ఆయన వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా దాన్ని ఎత్తుకోలేదు. ముద్దు లేక కాదండీ. మంచం పక్కన కూర్చుని దానితో గంటలు గంటలు కబుర్లు చెబుతారు. ఉల్లిపాయల ధర ఎందుకు పడిపోయిందో కూడా చెబుతారు. అది చేతులు చాపితే మాత్రం లేచి బయటికి వెళ్లిపోతారు.

మొదట్లో నాకు ఒళ్లు మండింది. నేను బిస్కెట్ల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దుతాను. రోజంతా నిలబడి ఇంటికొచ్చి, "కాస్త పాపని పట్టుకో" అంటే ఈయన గోడకి అతుక్కుపోతారు. ఒకరోజు గట్టిగా అడిగాను. చేతులు చూపించారు. వణుకుతున్నాయి. "నేనెత్తితే ఏమవుతుందో నాకు తెలుసు" అన్నారు. అంతే.

డాక్టరు నరాలకి మాత్రలిచ్చారు, పని చేస్తున్నాయో లేదో తెలీదు. మీ ఉత్తరం చదివినప్పుడు మాత్రం ఆయన మొహం వేరేగా ఉంటుంది. అందుకే మిమ్మల్ని పట్టుకున్నాను. తిట్టకండి ఆయన్ని. ఏదైనా చేయగలిగితే చేయండి.

మీ చెల్లెలు


ఆసుపత్రి, వరండా. ఇప్పుడు ఇక్కడిదాకా నడుస్తున్నాను.

తమ్ముడూ,

నువ్వు జవాబివ్వకపోయినా నేను రాస్తాను. నా నోరు సంగతి నీకు తెలిసిందే.

దీనితో పాటు ఒక పొట్లం పంపుతున్నాను. విప్పి చూసి ఇదేం చొక్కా అని కంగారుపడకు. బిడ్డని గుండెకి కట్టుకునే సంచి. ఇక్కడ నర్సమ్మకి మనవడు పుడితే ఒకటి కుట్టిచ్చాను. బాగా కుదిరింది, ఇంకోటి కుట్టాలనిపించింది. నీ ఈడువాడి ఇంట్లో పసిబిడ్డ ఉండకపోతే పక్కింట్లోనైనా ఉంటుంది కదా.

గుడ్డ మెత్తటి నూలుది, రెండు పొరలు. పట్టీలు వీపు మీద అడ్డంగా వెళ్లి నడుం దగ్గర ముడిపడతాయి. బరువంతా నీ ఒంటి మీదే ఉంటుంది, చేతులకి పని లేదు. చేతులు వణికినా ఫరవాలేదు. గుడ్డ వణకదు. కుట్లు మూడేసి వరసలు వేశాను, పగ్గం కట్టి లాగినా ఊడవు. నా పక్క మంచం వైర్‌లెస్ ఆయన్ని ఒక కొస లాగమని నేనొక కొస లాగి చూశాను. ఆయన మంచం కదిలింది గానీ కుట్టు కదల్లేదు.

నీ కొలతలు ఎలా తెలుసంటావా? నీ వీపు మీద పడుకుని ఒక కొండ దిగాను. అంతకన్నా బాగా ఏ దర్జీ కొలత తీస్తాడు?

మీ అన్న


మార్కెట్ వెనక వీధి.

అన్నా,

పొట్లం అందింది. మా ఆవిడ మీకు రాసిందని విప్పగానే తెలిసిపోయింది. కోపం వచ్చింది. సంచి తీసి అటకమీద పెట్టేశాను. అందుకు మా ఆవిడకీ కోపం వచ్చింది. పుట్టింటికి వెళ్లలేదు గానీ, వెళ్లినంత పని చేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "మీ అన్నకైనా చెప్పు, నాకు చెప్పకపోతే పోయావు" అంది. అందుకు రాస్తున్నాను.

పొడుగాయన లేడన్నా.

ఆ చప్పుడుకి ముగ్గురం పడ్డాం. లేచి చూస్తే ఆయన బండకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కడుపు పట్టుకున్నాడు. మీకు తెలివి లేదు. స్ట్రెచర్ విరిగిపోయింది. ఉన్నది నేనొక్కణ్ణి. నేను ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయనే, "ముందు ఆ దర్జీని తీసుకుపోరా, వాడికి రక్తం ఆగట్లేదు. నేను కాసేపు కూర్చుంటా. వచ్చి నన్ను తీసుకుపో" అన్నాడు. మామూలుగా అన్నాడు. బస్సు తప్పితే తర్వాతి బస్సులో వస్తా అన్నట్టు.

మిమ్మల్ని గుడారంలో దింపి పరిగెత్తాను. అలాగే కూర్చుని ఉన్నాడు. వచ్చేశా లేవరా అన్నాను. లేవలేదు.

ఆయన్ని కూడా దింపాను. చనిపోయినవాళ్లని తర్వాత తెస్తారు, ముందు బతికున్నవాళ్లని చూడమని మాకు ఆర్డరు. ఆ పూట నేను వినలేదు. భుజాన వేసుకుని దిగాను. ఎందుకంటే వచ్చి తీసుకుపోతానని మాటిచ్చాను.

నేను చాలామందిని మోశానన్నా. మేం గుడారం దగ్గర దింపి వెనక్కి వెళ్లిపోతాం. ఆ తర్వాత వాళ్లు ఉన్నారో పోయారో మాకెవరూ చెప్పరు. అడిగే తీరికా ఉండదు. ఇంటికొచ్చాక మొహాలన్నీ గుర్తొచ్చేవి. ఒక్కరు కూడా బతికిన మొహంతో గుర్తొచ్చేవారు కాదు. నేను ఎత్తినవాళ్లంతా పోయారనే ఖాయమైపోయింది మనసులో. అలాంటి చేతులతో పాపని ఎలా ఎత్తమంటారు?

అప్పుడు మీ మొదటి ఉత్తరం వచ్చింది. కాటా దగ్గర చదివాను. రైతు బస్తా పెట్టి తూకం చెప్పమంటే, ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివాను. ఒకడు బతికాడు. కిటికీలోంచి ఎండ చూశాడట. "రాయనక్కర్లేదు" అని రాసింది మీరు పొడుగాయన సంగతి అడుగుతారనే. మీరు రాయడం ఆపితే నేనేమయ్యేవాణ్ణో.

ఆయనకి తల్లి ఉంది. ఇస్త్రీ కొట్టు నడుపుతుందని చెప్పేవాడు. ఇప్పటికీ నేను వెళ్లలేదు. ఏం మొహం పెట్టుకుని వెళ్లాలి?

మిమ్మల్ని తెచ్చినందుకు నాకు విచారం లేదు. ఆ మాట మాత్రం గట్టిగా నమ్మండి.

మీ తమ్ముడు


ఆసుపత్రి, మళ్లీ మంచం మీద.

నాయనా,

నీ ఉత్తరానికి ఇన్ని వారాలు జవాబు రాయలేదు. చదివాక నాకు మాట పడిపోయింది. నేను మాట్లాడకపోయేసరికి నర్సులు కంగారుపడి ఒళ్లు పట్టి చూశారు. నిజంగానే జ్వరం ఉంది. కోసినచోట చీము పట్టింది. మళ్లీ కొంచెం కోశారు. ఈ సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వు అంత విప్పి చెప్పాక నేను దాస్తే బాగోదు. ఇప్పుడు తగ్గింది, చెక్కకాలు మాత్రం మూలనుంది.

ఆయనకి నా పేరు కూడా తెలీదు తమ్ముడూ. దర్జీ అని మాత్రం తెలుసు, అదీ నా వాగుడు వల్ల. "ముందు ఆ దర్జీని" అన్నాడు. నేనేమో తెలివిలేకుండా పడి ఉండి, ఇన్నాళ్లూ ఆయన చిరునామా పంపమని నిన్ను గుచ్చిగుచ్చి అడిగాను. మంచం మీద పడుకుని అదే తలుచుకున్నాను. నా బతుక్కి అంత విలువ ఉందా అని నన్ను నేనే అడుక్కున్నాను. చివరికి ఒకటి అనిపించింది. విలువ ఉందో లేదో తేల్చాల్సింది నేను కాదు. ఆయన తేల్చేశాడు. ఇక బాగా బతకడమొక్కటే నా వంతు.

నువ్వు ఈ మోత ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావు. ఇక ఒక కొస నాకివ్వు.

వైర్‌లెస్ ఆయనకి నీ ఉత్తరం చదివి వినిపించాను, నీ అనుమతి లేకుండా. విని లేచి కూర్చుని చెప్పాడు: తనని దింపుతున్నప్పుడు పొడుగాయన దారంతా పాట పాడాడట. "అంత ఘోరంగా పాడేవాణ్ణి నేను పుట్టాక వినలేదు. నొప్పి మర్చిపోయి పాట ఆపమని బతిమాలాను" అన్నాడు. నవ్వుతూ ఏడ్చాడు. ఇంటికి వెళ్తున్నాడు వచ్చేవారం. కూతురి పెళ్లట. ఈ మాట ఆ తల్లికి చెప్పమన్నాడు.

నువ్వు వెళ్లాలి. తోడు వద్దామనుకున్నాను, కాలు కుదరనివ్వట్లేదు. ఏం మొహం పెట్టుకుని అన్నావు. ఆ తల్లి చూడాల్సిన మొహాల్లో మొదటిది నీదే. కొడుకు చివరిమాట ఆవిడది. అది నీ దగ్గర ఉండిపోయింది. వెళ్లి అప్పజెప్పి రా.

మీ అన్న


మార్కెట్ వెనక వీధి.

అన్నా,

వెళ్లొచ్చాను.

ముందు సంచి సంగతి. ప్రయాణం నిన్న పొద్దున. మా ఆవిడ అటక మీంచి సంచి దించి దులిపింది. "నేనూ వస్తున్నా. బస్సులో నిలబడి పాపని మోయడం నా వల్ల కాదు" అంది. అబద్ధం. డబ్బాలు మోసే మనిషి. నన్ను నిలబెట్టి పట్టీలు కట్టింది. పాపని అందులో కూర్చోబెట్టింది. నా ఒళ్లంతా చెమట. గోడ పట్టుకున్నాను. పాప మాత్రం నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చూసింది. దాని తల నా గడ్డం కింద వెచ్చగా ఉంది. కాసేపటికి నిద్రపోయింది. మీ కొలత తిరుగులేదన్నా. అంగుళం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

బస్సు దిగి ఇస్త్రీ కొట్టు అడుక్కుంటూ వెళ్లాం. ఆ తల్లి కూడా పొడుగే. బొగ్గుల పెట్టె తోస్తూ ఉంది. ఎవరని అడిగితే చెప్పాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. పెట్టె నిలబెట్టి, చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తి చేసింది. తర్వాత బెంచీ చూపించింది.

అంతా చెప్పాను. దాచలేదు. ముందు దర్జీని తీసుకుపొమ్మన్నది కూడా చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకోకుండా విన్నది.

"ఆ దర్జీ బతికాడా?" అని అడిగింది.

"బతికాడమ్మా. పాపకి ఈ సంచి ఆయనే కుట్టాడు."

సంచి కుట్లు వేలితో తడిమి చూసింది. బట్టలతో బతికే మనిషి కదా. "మంచి పనివాడు" అంది.

వైర్‌లెస్ ఆయన మాట చెప్పాను. పాట సంగతి వినగానే ఆవిడ మొహం మారిపోయింది. "వాడికి శ్రుతి అనేదే లేదు. ఈ వీధంతా చెవులు మూసుకునేది" అని నవ్వింది. నవ్వుతుండగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంది.

కొంతసేపటికి అడిగింది. "కిందికి ఎవరు తెచ్చారు వాణ్ణి?"

"నేనే."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

"వాడు చాలా బరువు. పుట్టినప్పుడే బరువు. నాకు తెలుసు." ఆగి, "ఏ భుజం మీద?" అంది.

కుడిభుజం చూపించాను. లేచి వచ్చి దానిమీద చెయ్యి వేసింది. ఇస్త్రీ పెట్టె పట్టుకుని పట్టుకుని ఆ చెయ్యి వేడిగా ఉంది. చాలాసేపు తియ్యలేదు. "నా కొడుకుని అక్కడ వదిలేసి రాలేదు నువ్వు. అదొక్కటి తెలియక నేను ఇన్నాళ్లూ పడుకోలేదు నాయనా" అంది.

క్షమించమని అడగడానికి వెళ్తే, ఆవిడే నాకు థాంక్స్ చెప్పినట్టయింది అన్నా.

అప్పుడు పాప లేచి రాగం అందుకుంది. ఆవిడ రెండు చేతులూ చాపి, "ఇటివ్వు" అంది. మా ఆవిడ లేవబోయింది. వద్దన్నాను. పట్టీ నేనే వదులుచేసి, పాపని నా రెండు చేతులతో బయటికి తీశాను. చేతులు వణికాయి. బాగా వణికాయి. పాపకి అది ఆటలా ఉందేమో, ఏడుపు ఆపి నన్ను చూసింది. అలాగే పట్టుకుని రెండడుగులు నడిచి ఆవిడ చేతుల్లో పెట్టాను.

ఆవిడ పాపని ఎగరేసి పట్టుకుని, "అమ్మో, బస్తా!" అంది. ముగ్గురం నవ్వాం.

ఇంతలో ఎవరో తన ప్యాంట్లు అయ్యాయా అంటూ వచ్చి తొందరపెట్టాడు. ఆవిడ అతనివైపు తిరగనైనా తిరగలేదు. పాప జుట్టు సర్దుతూ, "కాసేపాగు బాబూ, నా చేతులు ఖాళీ లేవు" అంది.

మీ తమ్ముడు